సందేహానికి ఒక గడి

కంప్యూటర్లు భాషల్ని పొట్టి సంకేతాలతో గుర్తిస్తాయి. తెలుగుకు ‘టీఈ’, హిందీకి ‘హెచ్ఐ’. పాడేరు, అరకు కొండల్లోనూ, సరిహద్దు దాటితే ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లోనూ వినిపించే కువి భాష సంకేతం ‘కేఎక్స్‌వీ’. ఒక భాషలో తేదీ ఎలా రాయాలి, వారాల పేర్లేమిటి, అంకెల మధ్య కామా ఎక్కడ పడాలి అన్న వివరాల్ని ఫోన్ల తయారీదారులు ఎవరికి వారు పోగుచేసుకోరు. యూనికోడ్ సంస్థ నిర్వహించే సీఎల్‌డీఆర్ అనే ఉమ్మడి భాండాగారం నుంచి తీసుకుంటారు. ఇటీవలి సంచికల్లో అందులోకి కువి కూడా చేరింది. అదీ నాలుగు లిపుల్లో: తెలుగు, ఒడియా, దేవనాగరి, రోమన్. నన్నయ కాలం నుంచి కావ్యాలున్న తెలుగుకు అక్కడ ఒక్క లిపే. అచ్చయిన పుస్తకాలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగేటన్ని ఉన్న కువికి నాలుగు. ఒకే భాష మాట్లాడే జనం వేర్వేరు రాష్ట్రాల బళ్ళలో వేర్వేరు అక్షరాలు దిద్దుతున్నారన్న వాస్తవాన్ని ఒక సాంకేతిక పట్టిక ఇంత నిక్కచ్చిగా నమోదు చేయడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. అయితే ఆ పట్టికలో ఉన్నవి ప్రధానంగా నెలలూ వారాలూ అంకెలూ. డబ్బు జమ అయిందనో, తూకం సరిపోలేదనో, మళ్ళీ ప్రయత్నించమనో చెప్పే వాక్యాలు అందులో ఉండవు. ఏ యాప్‌కు కావలసిన వాక్యాలు ఆ యాప్ తయారుచేసేవాళ్ళే రాయించుకోవాలి. ఆ పని చేసిపెట్టే కృత్రిమ మేధ పరికరాలు ఇప్పుడు ప్రోగ్రామర్ల చేతికి వచ్చాయి. కువి గడులన్నిటినీ అవి ఒక్క రాత్రిలో నింపేయగలవు. నింపడం ఇక కష్టం కాదు. నిండిన గడిలో ఉన్నది కువి భాషో, యంత్రం ఊహో తర్వాత ఎవరికీ తెలియకుండా పోవడమే అసలు ప్రమాదం. కొండ ప్రాంతపు భాషల విషయంలో ఒక అనువాద పరికరం మంచిచెడ్డలు తేల్చవలసింది అది ఎన్ని వాక్యాలు అనువదించిందన్న లెక్కతో కాదు. తన సందేహాన్ని దాచిపెట్టకుండా మనిషి దాకా చేరవేసిందా లేదా అన్నది చూడాలి. ఈ అధ్యాయంలో నా వాదన అదే.

పుస్తకం అనువదించే మనిషి ముందు పేజీ తర్వాత పేజీ, కథ తర్వాత కథ ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అనువదించే మనిషి ముందుండేవి తెగిన ముక్కలు: ‘వెనక్కి’, ‘సరే’, ‘మీ ఖాతాలో ఇన్ని రూపాయలు జమ అయ్యాయి’. వీటిని స్ట్రింగులంటారు. ప్రోగ్రాము రాసేటప్పుడే తెరమీద కనిపించే ప్రతి స్ట్రింగుకూ ఒక గుర్తు పెడతారు. తర్వాత ఒక పరికరం కోడంతా గాలించి గుర్తున్న స్ట్రింగులన్నిటినీ ఏరి ఒక ఫైల్లో వరసగా పేరుస్తుంది. పైన మూలం, కింద అనువాదానికి ఖాళీ. ఆ ఖాళీలు పూరిస్తే, వాడేవాళ్ళు ఎంచుకున్న భాషను బట్టి యాప్ ఆ ఫైలు తెరిచి వాక్యాన్ని చూపిస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో ఈ పద్ధతికి స్థిరరూపం ఇచ్చింది 1995లో వచ్చిన జీఎన్‌యూ గెట్‌టెక్స్ట్. హైదరాబాదులో స్వేచ్ఛ బృందం లినక్స్‌ను తెలుగులోకి తెచ్చినా, ఔత్సాహికులు ఫైర్‌ఫాక్స్‌ను, లిబ్రేఆఫీస్‌ను తెలుగు చేసినా, ఇలా ఏరి పేర్చిన స్ట్రింగుల్ని మనుషులు ఒక్కొక్కటిగా పూరిస్తూ పోయిన ఫలితమే.

గెట్‌టెక్స్ట్‌లో ఒక చిన్న ఏర్పాటు ఉంది. ‘ఫైలు తొలగించు’ అని అనువదించిన మూలవాక్యాన్ని ప్రోగ్రామరు కొన్నాళ్ళకు ‘ఫైళ్ళన్నీ తొలగించు’ అనే అర్థం వచ్చేలా మార్చాడనుకుందాం. పరికరం పాత అనువాదాన్ని పారేయదు. కొత్త వాక్యానికి దగ్గరగా ఉంది కాబట్టి తెచ్చి కింద పెడుతుంది. పెట్టి, పక్కన ‘ఫజీ’ అని ఒక ముద్ర వేస్తుంది. ఇది సరికాకపోవచ్చు, ఎవరైనా చూడాలి అని దాని అర్థం. ఆ ముద్ర ఉన్నంతకాలం ఆ అనువాదం ఫైల్లో ఉంటుంది కానీ తెరమీదికి రాదు. యాప్ కోసం ఫైలును సిద్ధం చేసే పరికరం ఫజీ ముద్ర ఉన్న వాక్యాల్ని మామూలుగా వదిలేస్తుంది. వాడేవాళ్ళకు వాటి బదులు మూలభాషే కనిపిస్తుంది. ఒక భాషలో వాక్యం లేకపోవడం కన్నా తప్పుడు వాక్యం ఉండడం ఎక్కువ చేటు అనే తీర్పు ఈ ఏర్పాటులో ఇమిడి ఉంది. ముప్పై ఏళ్ళ కిందట ఆ పని చేసినవాళ్ళ దూరదృష్టికి నేను నమస్కరిస్తాను. తర్వాత వచ్చిన కొన్ని ఫైలు రూపాలు ఈ ఆలోచనను ఇంకా సాగదీశాయి. 2014 నాటి ఎక్స్‌లిఫ్ 2.0 ప్రమాణంలో ప్రతి వాక్యమూ నాలుగు దశల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది: మొదలుకానిది, అనువదించినది, సరిచూసినది, ఖాయమైనది. యాపిల్ సంస్థ 2023లో తెచ్చిన స్ట్రింగ్ కేటలాగ్‌లోనూ ‘పరిశీలన అవసరం’ అని చెప్పే గుర్తు ఉంది.

ఇప్పుడు వాడుకలో ఉన్న చాలా వెబ్ యాప్‌ల స్ట్రింగులు మాత్రం జేసన్ ఫైళ్ళలో ఉంటున్నాయి. అక్కడ మామూలుగా ఒక తాళంచెవి పేరు, దాని ఎదురుగా ఒక వాక్యం, అంతే. ఆండ్రాయిడ్ స్ట్రింగుల ఫైలూ దాదాపు ఇలాంటిదే. వాక్యం మనిషి రాసిందా, యంత్రం రాసిందా, ఎవరైనా సరిచూశారా అని చెప్పడానికి అందులో చోటే లేదు. కృత్రిమ మేధతో నడిచే కొత్త పరికరాలు పనిచేసేది ఇలాంటి ఫైళ్ళ మీదే. ప్రోగ్రామరు ఒక ఆదేశం ఇస్తే పరికరం కొత్త స్ట్రింగుల్ని ఏరుతుంది, పదకోశాన్నీ తెరల చిత్రాల్నీ జతచేసి పెద్ద భాషా నమూనాకు పంపుతుంది, వచ్చిన జవాబుల్ని ఫైల్లో రాసి కోడుతో పాటు భద్రపరుస్తుంది. సాయంత్రం ఇంగ్లీషులో రాసిన బటన్ పొద్దుటికల్లా ముప్పై భాషల్లో ఉంటుంది. ఈ వేగాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ రాత అయిపోయిన క్షణంలో, కొన్ని కోట్లమంది మాట్లాడే భాషలో నమూనా ఎంతో నమ్మకంగా ఇచ్చిన వాక్యమూ, దానికి దాదాపు తెలియని భాషలో అది కల్పించిన వాక్యమూ పక్కపక్కన ఒకే రూపంలో కూర్చుంటాయి. లోపల సందేహం ఉంది, బయటికి వచ్చేసరికి అది రాలిపోయింది.

తెలుగు విషయంలో ఈ లోపం మనల్ని అంతగా దెబ్బతీయకపోవడానికి కారణం చదివేవాళ్ళు కోట్లలో ఉండడమే. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ‘మీ సరుకు ఫలానా మండలానికి చేరింది’ అనే వాక్యంలో మండలం పేరు మారుతూ ఉంటుంది కాబట్టి ఆ చోట ఒక ఖాళీ పెడతారు. ఇంగ్లీషులో ఊరు ఏదైనా దాని ముందు వచ్చే మాట మారదు. తెలుగులో విభక్తి పేరుకు అతుక్కుంటుంది, పేరు చివరి అచ్చును బట్టి రూపం మార్చుకుంటుంది. ఖాళీ పక్కన యంత్రం ‘కు’ అని రాసిందంటే పాడేరుకు, హుకుంపేటకు, డుంబ్రిగుడకు అన్నీ బాగానే ఉంటాయి. అనంతగిరి దగ్గరికి వచ్చేసరికి ‘అనంతగిరికు’, చింతపల్లి దగ్గర ‘చింతపల్లికు’ అవుతుంది. ఖాళీలో ఏ పేరు పడుతుందో అనువదించేటప్పుడు యంత్రానికి తెలియదు; ఎంత గొప్ప నమూనా అయినా చూడని పేరుకు విభక్తి కట్టలేదు. దీనికి మందు భాషలో కాదు, కోడులో ఉంది: ‘చేరిన మండలం: అనంతగిరి’ అని వాక్యాన్నే విడదీసి రాయాలి. ఈ తప్పు మొదటిరోజే వందలమంది కంట పడుతుంది, ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, వారంలో దిద్దుకుంటారు. ఇక్కడ ఫైల్లో లేని సందేహపు గడి పని పాఠకులు చేసిపెడుతున్నారు.

కొండమీదికి వెళ్ళేసరికి ఆ పాఠకులు ఉండరు. 2011 జనగణనలో కొండ భాషను మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 60 వేల పైచిలుకు. కొండదొరలు కూబి అని పిలుచుకునే భాష ఇదే. వాళ్ళలో తమ భాషను అక్షరాల్లో చదివే అలవాటు ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ, ఎందుకంటే బడిలో నేర్పింది తెలుగు. కృత్రిమ మేధకు ఆహారం రాతలో ఉన్న వాక్యాలు. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం 2023లో విడుదల చేసిన ఇండిక్‌ట్రాన్స్2 నమూనా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకు పనిచేస్తుంది. సంతాలీ, బోడో అందులో ఉన్నాయి, అరకు చుట్టుపక్కల మాట్లాడే గిరిజన భాషల్లో ఒక్కటీ లేదు. మెటా సంస్థ 2022లో 200 భాషల అనువాద నమూనాను తెచ్చింది, దానితోపాటు భాషలవారీగా నాణ్యత కొలిచే వాక్యాల సంపుటిని కూడా ఇచ్చింది. అందులోనూ కువి, కొండ, గదబ, సవర లేవు. కొలబద్దే లేదు కాబట్టి ఏ నమూనా కువిలో ఎంత తప్పుతోందో అంకెల్లో చెప్పడానికి కూడా వీల్లేదు. పైగా భాషా నమూనా స్వభావమే వచ్చే ముక్క ఏమై ఉండవచ్చో ఊహించడం. తెలియని చోట ఖాళీ వదలమని ప్రత్యేకంగా నేర్పితే తప్ప, అది పొరుగు భాషల నుంచి అరువు తెచ్చి అయినా ఏదో ఒకటి పూరిస్తుంది. తెలుగు అక్షరాల్లో కువి రాయమంటే అక్షరాలు తెలుగువే, కొన్ని మాటలు ఒడియావి, వాక్యం కట్టుబడి మళ్ళీ తెలుగుది అయిన ఒక వింత మిశ్రమం రావచ్చు. ఆ భాష రాని ప్రోగ్రామరు కంటికి అది చక్కగా కువిలాగే కనిపిస్తుంది.

పొరుగు భాషల పోలిక ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో వ్యాకరణంలో ఒక చోట స్పష్టంగా కనిపిస్తుంది. మహిళా సంఘాల పొదుపు యాప్‌లో ‘సభ్యులు వాయిదా కట్టారు’ అనే వాక్యం ఉందనుకోండి. తెలుగులో ఏకవచనంలో మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళూ వస్తువులూ మరో వైపు: అతను వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనానికి వచ్చేసరికి ఆడైనా మగైనా మనుషులంతా ఒక్కటై ‘కట్టారు’ అంటాం, వస్తువులు విడిపోతాయి. కువి, కొండ, గోండి భాషల్లో ఆ ఏకవచనపు విభజనే బహువచనంలోనూ కొనసాగుతుంది. మగవాళ్ళు ఉన్న గుంపుకు ఒక క్రియారూపం, అచ్చంగా ఆడవాళ్ళే ఉన్న గుంపుకు మరొకటి. పొదుపు సంఘంలో అందరూ ఆడవాళ్ళే. ఇంగ్లీషు మూలంలో ఆ సమాచారం లేదు. తెలుగు అనువాదానికి ఆ సమాచారం అవసరం లేదు. తెలుగు ఒరవడిలో కువి రాసే యంత్రం మగరూపం వేసేసి ముందుకు పోతుంది, సంఘం సభ్యురాలికి ఆ వాక్యం తన సంఘం గురించి కాదన్నట్టు వినిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. తెలుగులో ‘మనం’, ‘మేము’ అని ఉన్న తేడా కువిలోనూ కొండ భాషలోనూ ఉంది. ఇంగ్లీషు మూలం నుంచి వెళితే ఆ తేడా దారిలో పోతుంది, తెలుగు నుంచి వెళితే నిలుస్తుంది. అందుచేత ఈ కొండ భాషలకు మూలపాఠం తెలుగు కావాలి, దానికి తోడు సంఘంలో ఎవరున్నారు, మాట ఎవరితో అంటున్నాం అన్న వివరణ ప్రతి స్ట్రింగు పక్కనా ఉండాలి. పరికరాల్లో వివరణ రాసే చోటు ఎప్పటినుంచో ఉంది. రాసేవాళ్ళే తక్కువ.

ప్రోగ్రామర్లు దీనికొక ఉపాయం చెబుతారు. వచ్చిన కువి వాక్యాన్ని మళ్ళీ యంత్రంతోనే తెలుగులోకి మార్పించి, మొదటి వాక్యంతో పోల్చి చూస్తే సరిపోతుంది కదా అంటారు. రెండు ప్రయాణాల్లోనూ దారి చూపించేది ఒకే నమూనా అయినప్పుడు ఈ పరీక్షకు విలువ తక్కువ. ఒక మాటకు అది తప్పుడు కువి పదం కల్పించుకుంటే, తిరుగు ప్రయాణంలో ఆ కల్పిత పదానికి అదే అర్థం చెబుతుంది. వాక్యం అటు వెళ్ళి ఇటు చెక్కుచెదరకుండా తిరిగివస్తుంది, మధ్యలో కువి మనిషికి మాత్రం అర్థం కాదు. వేర్వేరు నమూనాలు వాడినా, రెండూ నేర్చుకున్న రాతల్లో కువి లేనప్పుడు పెద్ద తేడా ఉండదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, దానికి నిదానంగా జవాబు చెప్పాలి. న్యూగినీ దగ్గర 200 మంది కూడా మాట్లాడని కలమాంగ్ అనే భాష ఉంది. ఇంటర్నెట్టులో దాని జాడ దాదాపు లేదు. ఒక భాషాశాస్త్రవేత్త రాసిన దాని వ్యాకరణ గ్రంథాన్నీ, పదపట్టికనూ నమూనాకు చదవడానికి ఇచ్చి అనువదించమంటే ఏమవుతుందని 2023లో పరిశోధకులు ఒక పరీక్ష తయారుచేశారు. 2024లో గూగుల్ తన జెమినీ 1.5 నమూనా అవే పుస్తకాలతో నేర్చుకున్న మనిషి స్థాయికి దగ్గరగా వచ్చిందని ప్రకటించింది. అలాంటప్పుడు మన కొండ భాషలకు దిగులెందుకు? భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాషకు రాసిన సమగ్ర వ్యాకరణం 1969లోనే వచ్చింది. ఇజ్రాయెల్ అనే భాషాశాస్త్రవేత్త రాసిన కువి వ్యాకరణం 1979లో వెలువడింది. సవరకైతే గిడుగు వెంకట రామమూర్తి 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు అందించారు. ఇవన్నీ యంత్రానికి చదివి వినిపిస్తే చాలదా? ఇది తేలిగ్గా కొట్టిపారేయగల ప్రశ్న కాదు. ఈ దారిలో మొదటి ముసాయిదాలు వస్తాయనే నేను నమ్ముతున్నాను. కానీ అదే కలమాంగ్ పరీక్షను 2024లో మరో బృందం విడదీసి చూసింది. వ్యాకరణ గ్రంథంలోని సూత్రాల వివరణల్ని తీసేసి, అందులోని ఉదాహరణ వాక్యాల్నీ వాటి అనువాదాల్నీ మాత్రమే ఇచ్చినప్పుడు అనువాద నాణ్యత దాదాపు అలాగే ఉంది. వివరణలు మాత్రమే ఇచ్చినప్పుడు లాభం చాలా తక్కువ. అంటే యంత్రం నేర్చుకున్నది శాస్త్రవేత్త సూత్రాల నుంచి కాదు, ఆ భాష మనుషులు ఆమెకు చెప్పిన వాక్యాల నుంచి. గిడుగు 1890లలో పర్లాకిమిడి దగ్గర సవరల్ని పిలిపించుకుని వాళ్ళ నోట విని నేర్చుకోవడంతో మొదలుపెట్టారు. నిఘంటువు అచ్చుకు రావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. ఆ పుస్తకాల్లోని వాక్యాలు వేటా, పోడూ, పండగల కాలానివి. ఓటీపీ గురించి, ఖాతా స్తంభించడం గురించి, కాఫీ పండ్ల తేమ శాతం గురించి కువిలో ఎలా చెబుతారో తెలియాలంటే ఇప్పుడు బతికి ఉన్న మనుషుల్నే అడగాలి.

అరకులో అందరికీ తెలుగు వచ్చు కదా, ఈ శ్రమ ఎందుకు అనేవాళ్ళూ ఉన్నారు. సంతలో బేరానికి సరిపోయే తెలుగు చాలామందికి వచ్చు. అప్పు షరతులు చదివి ఒప్పుకోవడానికీ, మందు మోతాదు తప్పకుండా అర్థం చేసుకోవడానికీ కావలసిన తెలుగు వేరు. లోపలి గూడేల్లో, అందులోనూ పెద్దవాళ్ళలో, ఆడవాళ్ళలో అది తక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది, తెలుగు లిపిలోనే వాచకాలు తయారుచేయించింది. పిల్లలకు ఇంటిభాషలో చెబితేనే పాఠం ఎక్కుతుందని రాష్ట్రమే ఒప్పుకుంది. ఆ పిల్లల తల్లులు వాడవలసిన తెరకు ఆ సూత్రం ఎందుకు వర్తించదో నాకు అర్థం కాదు. అరకు, ముంచంగిపుట్టు ప్రాంతాల్లో వేర్వేరు తెగలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఉమ్మడి భాష ఆదివాసీ ఒడియా. దానికి సొంత సంకేతం ‘ఓఆర్‌టీ’ ఉంది. చాలా పరికరాల భాషల జాబితాలో మాత్రం ఒడియా అని ఒక్కటే కనిపిస్తుంది. దాన్ని నొక్కితే భువనేశ్వర్ పత్రికల భాష, ఒడియా లిపిలో వస్తుంది. తెలుగు బడిలో చదివిన అరకు కుర్రవాడు ఆ లిపి చదవలేడు, చదివి వినిపించినా అది వాళ్ళ ఇంటి మాట కాదు. యాప్ మాత్రం తన లెక్కలో ఒడియా మాట్లాడేవాళ్ళందరికీ సేవ చేసినట్టు నమోదు చేసుకుంటుంది.

ఏమీ లేనిచోట తప్పులతోనైనా ఏదో ఒకటి ఉండడం మేలు కదా అనేది చివరి అభ్యంతరం, మంచి మనసుతో అనేదే. గ్రీన్‌లాండు అనుభవం దీనికి సమాధానం చెబుతుంది. ఆ దేశ జనాభా 57 వేల దరిదాపు, మన కొండ భాష మాట్లాడేవాళ్ళంత. గ్రీన్‌లాండిక్ వికీపీడియాలో ఆ భాష రాని బయటివాళ్ళు యంత్రంతో అనువదించిన వ్యాసాలు చేర్చుతూ పోయారు. సరిచూసేవాళ్ళు లేరు. చిన్న భాషలకు ఇంటర్నెట్టులో దొరికే రాతల్లో వికీపీడియా వాటా పెద్దది కాబట్టి ఆ తప్పుల్ని తర్వాతి నమూనాలు భాషగా భావించి నేర్చుకునే పరిస్థితి వచ్చింది. దాన్ని దిద్దుతూ వచ్చిన నిర్వాహకుడే మూసేయమని కోరగా, 2025లో దాన్ని మూసేయాలన్న నిర్ణయం జరిగింది. పెద్ద భాషలో తప్పుడు వాక్యం సముద్రంలో కాకిరెట్ట. కువి లాంటి భాషలో మొత్తం రాతే కొద్దిపాటిది కాబట్టి నాలుగు ప్రభుత్వ యాప్‌లు సరిచూడని కువితో విడుదలైతే, కంప్యూటర్లకు అందుబాటులో ఉన్న కువిలో అదే పెద్ద భాగమైపోతుంది. రేపటి నమూనా దాన్నే ప్రామాణికమనుకుంటుంది. ఏమీ లేకపోవడాన్ని తర్వాత సరిదిద్దుకోవచ్చు. ఆ తప్పుల్ని కడగడం చాలా కష్టం.

ఇలా అన్నంత మాత్రాన యంత్రాన్ని పక్కన పెట్టమని కాదు. ముసాయిదా రాయడంలో, ఒకే మాటను అన్నిచోట్లా ఒకేలా వాడారా అని గాలించడంలో, ఖాళీల గుర్తులు చెదిరాయా అని చూడడంలో అది మనిషికన్నా మెరుగు. అరకుకు పనికొచ్చే పరికరం ఎలా ఉండాలో ఊహించడానికి ఇప్పటికే ఉన్న ముక్కలు చాలు. యంత్రం రాసిన ప్రతి వాక్యానికీ ఫజీ ముద్ర తప్పనిసరి చేయాలి. ఆ ముద్ర తీసే అధికారం ఆ భాష మాట్లాడే మనిషికే ఉండాలి. ముద్ర ఉన్నంతకాలం తెరమీద తెలుగు కనిపించాలి, ఇంగ్లీషు కాదు. గెట్‌టెక్స్ట్‌లో భాషల వరసను ముందే చెప్పవచ్చు: కువి, అది లేకపోతే తెలుగు, అదీ లేకపోతే ఇంగ్లీషు. ఆండ్రాయిడ్‌లోనూ 2016 నాటి 7.0 నుంచి వాడేవాళ్ళు తమకు వచ్చిన భాషల్ని వరసగా పేర్చుకునే వీలుంది. సరిచూసే మనిషి అక్షరాల్లో తడబడితే నోటితో చెప్పే ఏర్పాటు కావాలి. తెలుగు వాక్యం వినిపించి, ముసాయిదా వినిపించి, ఆమె ఎలా అంటుందో రికార్డు చేసుకుంటే ఆ గొంతే యాప్‌లో వినిపించే స్ట్రింగు కూడా అవుతుంది. రాతలో ఇంకో చిక్కు ఉంది. కువి, కొండ, సవర భాషల్లో గొంతు బిగించి విడిచే ఒక ధ్వని ఉంది, తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. తలా ఒకలా రాస్తే యంత్రానికి ఒకే మాట నాలుగు మాటలుగా కనిపిస్తుంది. కాబట్టి వాచకాల్లో వాడిన రాత పద్ధతిని పరికరంలో ముందే స్థిరపరచాలి. గోండి విషయంలో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా, సీజీనెట్ స్వర కలిసి చేసిన పనిపై 2020లో వెలువడిన పరిశోధన పత్రం ఇలాంటి దారినే చూపింది. గోండి మాట్లాడేవాళ్ళే అనువదిస్తారు, యంత్రం వాళ్ళ చేతికింద సాయంగా ఉంటుంది. 29 లక్షలకు పైగా మాట్లాడే గోండికే ఆ జాగ్రత్త కావలసి వస్తే 60 వేల భాషకు ఇంకెంత కావాలి?

ఖర్చు మాట వస్తుంది. ఒక చిన్న యాప్‌లో ఉండేది కొన్ని వందల స్ట్రింగులు. యంత్రం ముసాయిదా చేతిలో ఉంటే ఇద్దరు భాషీయులు కూర్చుని సరిచూడడానికి పట్టేది నెలలు కాదు, రోజులు. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని బళ్ళలో మాతృభాషా విద్యా వలంటీర్లుగా పనిచేసినవాళ్ళు ఉన్నారు. తెలుగూ ఇంటిభాషా రెండూ తెలిసి, తెలుగు అక్షరాల్లో ఇంటిభాష రాసే అలవాటున్న అరుదైన మనుషులు వాళ్ళు. యంత్రం అనువాదాన్ని చవక చేసింది కాబట్టి మిగిలిన డబ్బు వాళ్ళకు కూలీగా అందాలి, సరిచూసిన వాక్యాల సంపద మీద ఆ భాషీయుల హక్కు కాగితం మీద ఉండాలి.

కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరులో ‘ఆది వాణి’ అనే అనువాద వేదికను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. ఐఐటీ ఢిల్లీ నాయకత్వంలో తయారైన ఈ వేదికలో హైదరాబాదు ఐఐఐటీ కూడా భాగస్వామి. మొదట సంతాలీ, భీలీ, ముండారీ, గోండి భాషలతో మొదలైంది. తర్వాతి విడతలో కుయి, గారో అన్నారు. కుయి మన కువికి తోబుట్టువు, కానీ కువి కాదు. కుయి నమూనా తయారైన నాడు దాని అనువాదాలే ‘కేఎక్స్‌వీ’ ఫైళ్ళలోకి కూడా జారుకునే అవకాశం చాలా ఉంది, ఎందుకంటే పోలిక ఎక్కువ, సరిచూసేవాళ్ళు తక్కువ. ప్రభుత్వ యాప్‌ల టెండర్లలో ఎన్ని భాషలకు మద్దతు ఉందన్న సంఖ్య ఒక్కటే అడిగితే గుత్తేదారు ఆ సంఖ్యే పెంచుతాడు. దానితోపాటు ఒక్కో భాషలో ఎన్ని స్ట్రింగులు యంత్రం రాసినవి, ఎన్ని భాషీయులు సరిచూసినవి, ఏ మండలంవాళ్ళు సరిచూశారు అన్న మూడు లెక్కలూ ఫైలుతో సహా ఇవ్వాలని షరతు రాయవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పరిశోధనా అక్కర్లేదు. 1995 నుంచి ఉన్న ఒక గడిని తప్పనిసరి చేస్తే చాలు.